చిరునామా

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు మన పెద్దలు. ఆ రెండింటిలో మొదటిదాని కష్టం మన వంటి ప్రభుత్వరంగ సంస్థల ఉద్యోగులకు చాలాకాలం వరకు తెలిసిరాదు. ఉద్యోగంలో చేరిన కొన్నాళ్ళకు సీనియారిటీని అనుసరించి క్వార్టరు కేటాయింపు ఉత్తరువు చేతికి వస్తుంది. కుళాయి చెడినా, కప్పు కారినా సివిల్ విభాగం వారి ఫిర్యాదుల పుస్తకంలో వ్రాసి వస్తే సరిపోతుంది. సెక్టారు, వీధి, క్వార్టరు సంఖ్య అనే మూడు మాటలతో మన చిరునామా పూర్తవుతుంది. ఆ మూడు మాటల మీదనే రేషను కార్డు, గ్యాసు కనెక్షను, బ్యాంకు పుస్తకం, ఓటు, పిల్లల బడి అన్నీ ఆధారపడి ఉంటాయన్న సంగతి మనకు సాధారణంగా తట్టదు. ఉన్నంతకాలం తట్టవలసిన అవసరమూ రాదు.

2015లో నాకు కలకత్తా శాఖా కార్యాలయానికి బదిలీ అయింది. ఆ నగరం పేరు 2001 నుండి కోల్‌కతా అయినా, మా తరం వారి నోటికి కలకత్తాయే అలవాటు. అక్కడ మన సంస్థకు క్వార్టర్లు లేవు. హుగ్లీ నదికి పడమటి ఒడ్డున ఉన్న హౌరాలో, శివపూర్ ప్రాంతంలో ఒక చిన్న వాటా అద్దెకు తీసుకొన్నాను. తాళంచెవి చేతికిస్తూ ఇంటి యజమాని అడిగిన మొదటి ప్రశ్న, "మీ బాడి ఎక్కడ?" అని. బంగాళీలో బాడి అంటే తాతముత్తాతల నాటి సొంత ఇల్లు. ఉద్యోగరీత్యా కాపురం ఉండేది బాసా. మనం 'బస' అనే మాటకు అది చాలా దగ్గర. నివాసానికి రెండు మాటలున్న ఆ నగరంలో, రెండూ లేని వారిని నేను ప్రతిరోజూ చూడవలసి వచ్చింది.

ఆఫీసుకు వెళ్ళడానికి నేను హౌరా స్టేషను వరకు బస్సులో వచ్చి, అక్కడి రేవులో లాంచీ ఎక్కి ఆవలి ఒడ్డున ఫెయిర్లీ ఘాట్‌లో దిగేవాడిని. హౌరా స్టేషను గురించి మన పాఠకులకు కొత్తగా చెప్పనక్కరలేదు. 1854 ఆగస్టు 15న హౌరా నుండి హుగ్లీకి నడిచిన బండితో తూర్పు భారతంలో రైలు ప్రయాణం మొదలైంది. ఎర్ర ఇటుకల గోపురాలతో కనిపించే ఇప్పటి భవనం ఇరవయ్యవ శతాబ్ది తొలి సంవత్సరాలలో నిర్మించినది. మన వైపు నుండి వెళ్ళే కోరమాండల్, ఫలక్‌నుమా, ఈస్ట్‌కోస్ట్ ఎక్స్‌ప్రెస్‌లు ఆ రోజులలో అక్కడికే చేరేవి. అయితే ఆ స్టేషనుకు ఒక విశేషం ఉంది. అక్కడితో పట్టాలు అయిపోతాయి. దారి తప్పిన మనిషి అయినా, ఎక్కడ దిగాలో తెలియని మనిషి అయినా, హౌరాలో బండి దిగక తప్పదు. దిగిన తరువాత వెళ్ళడానికి చోటు లేనివారు ఆ చుట్టుపక్కలనే ఆగిపోతారు. ఉదయం ఏడు గంటలకు నేను రేవు వైపు నడిచే వేళకు వారు అట్టముక్కలు, ప్లాస్టిక్ పట్టాలు మడిచి మూటలు కట్టుకొంటూ కనిపించేవారు.

జనాభా లెక్కల వారికి ఇటువంటి వారిని లెక్కించే ప్రత్యేక పద్ధతి ఒకటి ఉన్నది. రోడ్డు ప్రక్కన, పేవ్‌మెంట్ల మీద, తూముల్లో, వంతెనల క్రింద, మెట్ల క్రింద, గుళ్ళ ఆవరణలలో, రైల్వే ప్లాట్‌ఫారాల మీద నివసించేవారు ఈ లెక్కలోకి వస్తారు. పగలు వారు ఎక్కడ దొరుకుతారో తెలియదు గనుక, 2011 ఫిబ్రవరి 28వ తేదీ రాత్రి దేశమంతటా ఒక్కసారే లెక్క తీశారు. దాదాపు 17 లక్షల 70 వేల మంది ఇల్లు లేనివారుగా తేలారు. వారిలో 9 లక్షలకు పైగా పట్టణవాసులు. ఒక్క రాత్రిలో తీసిన లెక్కకు చిక్కనివారు ఎందరో ఊహించుకోవలసినదే.

పరదేశికి నీడనివ్వడం మన దేశంలో కొత్త కాదు. మన పల్లెలలోనూ, పుణ్యక్షేత్రాలలోనూ సత్రాలు కట్టించిన ధర్మాత్ములు ఎందరో ఉన్నారు. అయితే సత్రం బాటసారి కోసం ఏర్పడినది. రెండు మూడు రోజులు విశ్రమించి తన ఇంటికి సాగిపోయేవాడే బాటసారి. అంటే, సత్రం ఇల్లున్నవాడికి ఉపకరించే ధర్మం. ఇల్లే లేనివాడు అక్కడికి వస్తే నాలుగవ రోజున ఎక్కడికి పోతాడన్న ప్రశ్నకు దానిలో సమాధానం లేదు.

కలకత్తాలో ఈ ప్రశ్నకు ఒక సమాధానం 1952లో లభించింది. కాళీఘాట్ ఆలయాన్ని ఆనుకొని ఉన్న యాత్రికుల సత్రాన్ని నగరపాలక సంస్థ వారు మదర్ థెరెసాకు ఇవ్వగా, ఆమె దానిలో 'నిర్మల్ హృదయ్' ప్రారంభించారు. వీధులలో మరణానికి చేరువైన నిరాశ్రయులకు అది చివరి ఆశ్రయమయింది. బాటసారుల సత్రం ఇల్లు లేనివారి ఇల్లుగా మారిన ఘట్టమది.

హౌరాలోనే మరొక సమాధానం కనిపిస్తుంది. ఆంటొనీ తైపరంబిల్ అనే సలేషియన్ ఫాదరు 1985లో అక్కడ 'ఆశాలయం' స్థాపించారు. ఇంటి నుండి పారిపోయి వచ్చి స్టేషనులోనూ, వీధులలోనూ పెరుగుతున్న పిల్లల కోసం ఏర్పడిన సంస్థ అది. వందలమందిని ఒకే హాలులో పడుకోబెట్టే వసతిగృహంగా కాక, కుటుంబాన్ని పోలిన చిన్న చిన్న ఇళ్ళలో పిల్లలను పెంచడం వారి పద్ధతి. మన బెజవాడ జంక్షను కూడా ఇటువంటి పిల్లలకు పుట్టినిల్లయింది. అక్కడ 1989లో అదే సలేషియన్ సభవారు నవజీవన్ బాలభవన్ ప్రారంభించారు. పెద్ద రైల్వే కూడలి ఉన్న ప్రతిచోటా ఈ అవసరం ఉన్నదని ఈ రెండు సంస్థల చరిత్ర చెబుతుంది.

ఈ విషయాలన్నీ నేను చదివీ, వినీ తెలుసుకొన్నవి. 2019 ఏప్రిల్‌లో జరిగిన ఒక సంఘటన మాత్రం కళ్ళారా చూశాను.

మా ఆఫీసులో పనిచేసే ఒక బంగాళీ మిత్రుని భార్య, హౌరాలో ఒక స్వచ్ఛంద సంస్థ నడిపే స్త్రీల ఆశ్రయంలో వారానికి రెండు రోజులు సేవ చేస్తూ ఉండేది. ఒకనాడు ఆ మిత్రుడు నా వద్దకు వచ్చి, "దాదా, అక్కడ ఒక వృద్ధురాలు ఉన్నది. ఆమె మాట మాలో ఎవరికీ అర్థం కావడం లేదు. తమిళమో, తెలుగో, మరేదో. మీరు ఒకసారి వస్తారా?" అని అడిగాడు. ఆ శనివారమే వెళ్ళాను.

ఆమెను జనవరిలో స్టేషను బయట చలికి వణుకుతూ ఉండగా తీసుకువచ్చారట. రిజిస్టరులో పేరు దగ్గర ఖాళీ, ఊరు దగ్గర ఖాళీ. వివరాల గడిలో 'భాష తెలియదు, మతిస్థిమితం సందేహాస్పదం' అని వ్రాసి ఉన్నది. చేతివేళ్ళ చివరలు నల్లగా కమిలిపోయి ఉంటే చర్మవ్యాధి అనుకొని మందు రాస్తున్నారు. ఆమె రోజుకు పదిసార్లు 'పలాస, పలాస' అంటున్నదట. బంగాళీలో పలాశ్ అంటే వసంతంలో పూసే మోదుగపువ్వు. ముసలామె పూలు అడుగుతున్నదనుకొని ఆ దీదీలలో ఒకరు ఫాల్గుణంలో మోదుగ కొమ్మ ఒకటి తెచ్చి చేతిలో పెట్టారట. ఆమె దాన్ని ప్రక్కన పెట్టి, మళ్ళీ అదే మాట అన్నదట.

నేను ఎదురుగా కూర్చొని, "మనది ఏ ఊరమ్మా?" అన్నాను.

ఆమె చాలాసేపు నా ముఖంలోకి చూసింది. "మన మాటే" అన్నది మెల్లగా. తరువాత, "పలాస కాడ బాబూ, ఉద్దానం" అన్నది.

ఆ మాట వినగానే ఆ వేళ్ళ సంగతి కూడా నాకు తెలిసింది. శ్రీకాకుళం జిల్లా పలాస ప్రాంతం జీడిపప్పుకు ప్రసిద్ధి. పిక్కను కొట్టి పప్పు తీసేటప్పుడు దాని పెంకులోని జీడి చర్మాన్ని కాల్చి నల్లబరుస్తుంది. "జీడిపిక్కలు కొట్టేదానివా అమ్మా?" అని అడిగితే, అవునని తల ఊపింది. దీదీలకు ఆ మాట తర్జుమా చేసి చెప్పాను. వారు మందు సీసా మూత పెట్టేశారు.

తక్కిన కథ ఆమె ఒక గంటసేపు చెప్పింది. మూడు నెలలుగా లోపల నిలిచిపోయిన మాటలు కదా! 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస సమీపంలో తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. "ఇల్లూ పోనాది, పనీ పోనాది బాబూ" అన్నది. తోటలు పోవడంతో ఊళ్ళో కూలిపనులు పోయాయి. కొడుకు పని వెదుక్కుంటూ వెళ్ళాడు. విశాఖ అని ఒకరూ, మద్రాసు అని ఒకరూ చెప్పారట. కొన్నాళ్ళు చూసి, అతన్ని వెతకడానికి పలాస స్టేషనులో బండి ఎక్కింది. దక్షిణానికి పోవలసినది, ఉత్తరానికి పోయే బండి. పట్టాలు అయిపోయిన చోట దిగింది.

ఆమెకు మతి చలించలేదు. తన మాట వినేవారు లేకపోవడమే ఆమెకు వచ్చిన జబ్బు. రిజిస్టరులోని ఆ వాక్యాన్ని ఆ రోజే కొట్టివేసి, పేరు, ఊరు బంగాళీలో వ్రాశారు.

పోలీసుల ద్వారా కబురు పంపగా పది రోజులలో ఆమె తమ్ముని కొడుకు వచ్చాడు. "అత్తా!" అని కాళ్ళ దగ్గర కూర్చొని ఏడ్చాడు. కొడుకు జాడ అతనికీ తెలియదు. పత్రికలలో చదివే ఇటువంటి కథలు సాధారణంగా ఇక్కడితో ముగుస్తాయి. ఇది అలా ముగియలేదు. ఆ మేనల్లుడు కాశీబుగ్గలో ఒక్క గది అద్దెకు తీసుకొని భార్యతోనూ, ఇద్దరు పిల్లలతోనూ కాపురం ఉంటున్నాడు. తీసుకువెళ్ళడానికి మనస్ఫూర్తిగా సిద్ధపడే వచ్చాడు. ఆమె రెండు రోజులు ఆలోచించి నాతో ఇలా అన్నది: "ఆడే వరండాలో తొంగుంటన్నాడు బాబూ. నాను ఎక్కడ తొంగుంటాను? ఊరు ఒక్కపాలి సూసొచ్చేస్తాను. ఇక్కడ నన్ను పేరెట్టి పిలుస్తన్నారు."

అన్నట్లే ఊరు చూసి, ఆధారు కార్డు నకలు సంపాదించుకొని, జూనులో మేనల్లుని వెంట తిరిగి వచ్చింది. ఆశ్రయం వారు ఆమెను మరి ఇద్దరు స్త్రీలతో కలిపి దగ్గరలోని ఒక సందులో రెండు గదుల అద్దె ఇంట్లో ఉంచారు. ఆ ఏర్పాటు తీరును నేను శ్రద్ధగా గమనించాను. అద్దె మొదట సంస్థ చెల్లిస్తుంది. ముగ్గురూ తమ సంపాదన పెరిగిన కొద్దీ కొంత కొంత పంచుకొంటారు. మరమరాలు, వేరుశెనగలు కట్టే కాగితపు పొట్లాలను అక్కడ ఠోంగా అంటారు. పాత వార్తాపత్రికలతో అవి అంటించి దుకాణాలకు ఇవ్వడం వారి పని. వారానికి ఒకసారి సంస్థ కార్యకర్త వచ్చి ఆరోగ్యం, మందులు, తగవులు చూసి పోతుంది. తగవులు ఉండేవి. పప్పులో చింతపండు వేయాలా, పంచదార వేయాలా అన్నదే వాటిలో ముఖ్యమైనది! తాళంచెవి మాత్రం వారి దగ్గరే ఉంటుంది. ఎప్పుడు తలుపు వేయాలో, ఎవరిని లోపలికి రానివ్వాలో వారే నిర్ణయించుకొంటారు. ఆశ్రయానికీ, ఇంటికీ భేదం అదేనని నాకు తోచింది.

ఆ భేదం ఎంతటిదో మరుసటి ఏడాది అందరికీ తెలిసింది. 2020 మార్చి 25 నుండి దేశ ప్రజలందరూ ఇళ్ళలోనే ఉండవలసినదని ప్రభుత్వం ఆజ్ఞాపించింది. ఇల్లు లేనివాడు ఆ ఆజ్ఞను ఎలా పాటించగలడు? స్టేషను పరిసరాలలోని వారు ఆ దినాలలో ఎక్కడెక్కడ తలదాచుకొన్నారో భగవంతునికే తెలియాలి. ఆ సందులోని ముగ్గురు స్త్రీలు మాత్రం అందరివలెనే తమ తలుపు వేసుకొని కూర్చోగలిగారు.

ఇటువంటి ఏర్పాట్లు ఇప్పుడు దేశంలో అక్కడక్కడ వేళ్ళూనుతున్నాయి. కలకత్తాలో 2007లో ఏర్పడిన 'ఈశ్వర సంకల్ప' అనే సంస్థ, మానసిక వ్యాధితో వీధులలో తిరుగుతున్న నిరాశ్రయుల కోసం పనిచేస్తున్నది. ఆ వీధిలోని టీకొట్టువారో, చిల్లర దుకాణంవారో ఆ రోగికి రోజూ అన్నం, మందులు అందించేటట్లు చూడడం వారి పద్ధతి. చెన్నైలో 1993లో ఇద్దరు యువతులు, వందనా గోపికుమార్, వైష్ణవీ జయకుమార్, స్థాపించిన 'ది బ్యానియన్' సంస్థ, ఏళ్ళ తరబడి ఆశ్రయాలలో ఉండిపోయిన స్త్రీలను నలుగురైదుగురిగా అద్దె ఇళ్ళలో కాపురం పెట్టిస్తున్నది. ఈ రెండు సంస్థల పద్ధతులనూ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ప్రచురించిన మార్గదర్శక గ్రంథంలో ఆదర్శాలుగా పేర్కొన్నది. ఫిన్లాండు దేశం 2008 నుండి మరొక అడుగు ముందుకు వేసింది. త్రాగుడు మానితేనో, ఉద్యోగం సంపాదిస్తేనో ఇల్లు ఇస్తామన్న షరతులను తొలగించి, ముందు ఇల్లు ఇచ్చి తక్కినవి ఆ తరువాత చక్కదిద్దడం వారి విధానం.

మన దేశంలో చట్టం కూడా నిద్రపోలేదు. పట్టణాలలో ప్రతి లక్ష జనాభాకు కనీసం ఒక్కటి చొప్పున, ఏడాది పొడవునా, రాత్రింబగళ్ళు తెరచి ఉండే ఆశ్రయం ఉండాలని సుప్రీంకోర్టు 2010లో ఆదేశించింది. 2013లో జాతీయ పట్టణ జీవనోపాధి పథకంలో దీనికి చోటు కల్పించారు. మానసిక రోగులు సమాజంలో నలుగురితో కలిసి జీవించడం వారి హక్కు అని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతున్నది. అయితే కోర్టు కప్పు వేయించగలదు. కప్పు క్రింద ఉన్న మనిషితో ఆమె భాషలో మాట్లాడే మనిషిని మాత్రం కోర్టు నియమించలేదు. అది మన వంటివారు చేయవలసిన పని.

మన గృహపత్రికలో ఈ విషయం వ్రాయడానికి కారణం కూడా అదే. మన ఉద్యోగులు కలకత్తా, ముంబయి, ఢిల్లీ, చెన్నై శాఖలన్నింటిలోనూ ఉన్నారు. ఏ నగరంలోని ఆశ్రయానికి వెళ్ళినా, మాట తెలియనందువల్ల మౌనంగానో, పిచ్చివారుగానో ముద్రపడి ఉన్న పరభాషా నిరాశ్రయులు ఒకరిద్దరు ఉండే అవకాశం ఉంది. చందా పంపడం మంచిదే. కాని నెలకు ఒక గంట అక్కడికి వెళ్ళి, "మీలో తెలుగువారు ఎవరైనా ఉన్నారా?" అని అడగడానికి రూపాయి ఖర్చు లేదు. మన టౌన్‌షిప్‌లలో ఉన్నవారు సమీప స్టేషనులోని ప్లాట్‌ఫారం చివర వరకు ఒకసారి నడిచి చూడవచ్చును. ఒంటరిగా తిరిగే పిల్లవాడు కనిపిస్తే 1098కీ, దిక్కులేని వృద్ధులు కనిపిస్తే 14567కీ ఫోను చేయవచ్చును. ఈ రెండు సంఖ్యలు వంటింటి క్యాలెండరు మీద వ్రాసి పెట్టుకోవలసినదిగా మన సోదరీమణులకు నా మనవి.

నేను మరి కొద్ది నెలలలో పదవీ విరమణ చేయబోతున్నాను. తిరిగి ప్రధాన కార్యాలయానికి వచ్చిన నాటి నుండి ఉంటున్న క్వార్టరును అప్పగించి, బకాయిలు లేవన్న పత్రం పుచ్చుకొని, ఊళ్ళో కట్టుకొన్న చిన్న ఇంటికి చేరాలి. ముప్ఫై అయిదేళ్ళుగా కాగితాల మీద వ్రాసిన చిరునామాను బ్యాంకులోనూ, పింఛను ఆఫీసులోనూ, గ్యాసు కంపెనీలోనూ మార్పించుకోవడానికి ఇప్పుడు దరఖాస్తులు నింపుతున్నాను. పాత చిరునామా అని ఒక గడి, కొత్త చిరునామా అని మరొక గడి. రెండింటిలోనూ వ్రాసుకోవడానికి నాకు ఏదో ఒకటి ఉన్నది. ఇది ఎంతటి భాగ్యమో హౌరాలో ఉద్యోగం చేయకపోయి ఉంటే నాకు తెలిసేది కాదు.